ఒకటి పెరిగింది

పావురం మెడ కింద పట్టిన దుమ్ము పొడి గుడ్డతో పోదు. మునిరత్నమ్మ పైట కొసను నాలుకతో తడపబోయి ఆగింది. అది పింగాణీ డబ్బా, లోపల నామానికి పెట్టే పెరుమాళ్ళ శ్రీచూర్ణం ఉంది, ఎంగిలి తగలకూడదు. నీళ్ళగిన్నెలో చూపుడువేలు ముంచి, ఆ వేలికి గుడ్డ చుట్టి, పావురం మెడను పసిబిడ్డ మెడలా తుడిచింది.

అలమారులో ఉన్నవన్నీ గుప్పిట్లో పట్టేంత పింగాణీ డబ్బాలు. ఒకటి పావురం, ఒకటి బూటు, ఒకటి పూలబుట్ట. మూతకూ అడుక్కూ మధ్య సన్నని ఇత్తడి పట్టీ, ముందు గోటితో మీటితే తెరుచుకునే చిన్న కొక్కెం. లోపలి వైపు కూడా ఎవరో కుంచెతో ఒక పువ్వో ఆకో వేసి ఉంటారు. అవి ఫ్రాన్సు దేశంలో లిమోజ్ అనే ఊళ్ళో చేసినవని సుందరవల్లి అమ్మ చాలాసార్లు చెప్పింది. మునిరత్నమ్మకు ఆ పేరు 'నిమ్మోజు' అని వినపడేది. డబ్బాల్లో ఒకటి నిమ్మకాయ కాబట్టి ఆ పేరు సరిపోయిందనే ఆమె అనుకునేది.

సుందరవల్లి అమ్మ భర్త దేవనాథన్ పాండిచ్చేరిలో ఒక ఫ్రెంచి దొరసాని దగ్గర గుమాస్తాగా చేశాడు. ఆమె తన దేశం వెళ్ళి వచ్చినప్పుడల్లా ఒక డబ్బా తెచ్చి ఇచ్చేది. ఆమె పోయాక ఆమె కూతురు ఏడాదికొకటి పార్సిల్‌లో పంపేది. దేవనాథన్ పోయాక కూడా కొంతకాలం వచ్చాయి. తర్వాత ఆగిపోయాయి. వేరేవాళ్ళయితే అద్దాల వెనక పెట్టి చూసుకునేవాళ్ళు. సుందరవల్లి అమ్మ వాటిని వాడుతుంది. బూటులో కూతురు వకుళ పాలపళ్ళు, పూలబుట్టలో తులసి పూసలు, నిమ్మకాయలో తీర్థంలోకి వేసే పచ్చకర్పూరం. "వాడని వస్తువుకూ గోడకూ తేడా ఏముందే" అంటుంది.

మునిరత్నమ్మ నిమ్మకాయను ఎప్పుడూ చివర తుడుస్తుంది. పెళ్ళయిన కొత్తలో గూడూరు నిమ్మకాయల మండీలో ఆమె కాయలు ఏరే పని చేసింది. మచ్చ కాయ ఒకవైపు, మంచి కాయ ఒకవైపు. చేతులెప్పుడూ పులుపుతో మండేవి. ఈ పింగాణీ కాయకు తొడిమ దగ్గర ఒక చిన్న గోధుమరంగు మచ్చ ఉంది. మండీలో అయితే దీన్ని పక్కకు తోసేదాన్ని కదా అని దాన్ని చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ ఆమెకు నవ్వొచ్చేది.

ఈ రోజూ అట్లే నవ్వింది. తుడిచింది. తడి వేలు జారింది.

పెద్ద చప్పుడేం కాలేదు. గచ్చు మీద గాజు విరిగినట్టు 'టిక్'మన్నది, అంతే. మూత రెండుగా, అడుగు లెక్కలేనన్ని చిన్న ముక్కలుగా పడి ఉన్నాయి. కర్పూరం పలుకులు మంచం కిందికి దొర్లాయి. వాటి వాసన మాత్రం ఒక్కసారిగా గది నిండా లేచింది.

మునిరత్నమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది. ముక్కలు ఒక్కొక్కటిగా ఏరింది. ఆమె చెవుల్లో వకుళ మాట మోగుతూ ఉంది. పనిలో చేరిన రోజే వకుళ వంటింటి గడప దగ్గర నిలబడి మెల్లగా చెప్పింది. "అమ్మ గుండె బాగాలేదు రత్నమ్మా. ఆ డబ్బాలే ఆమెకు మా నాయన. వాటిల్లో ఒకటి పోయినా అమ్మ తట్టుకోలేదు." వకుళ కోపంగా చెప్పలేదు. బతిమాలినట్టు చెప్పింది. అందుకే ఆ మాట ఇంకా భయం.

భయం ఆమెకు కొత్త కాదు. గూడూరు వదిలి తిరుపతికి వచ్చాక స్టేషను దగ్గర ఒక లాడ్జిలో గదులు తుడిచేది. యాత్రికుల ఉంగరం కనబడలేదని మేనేజరు ఆమెను ఆఫీసు ముందు నేల మీద కూర్చోబెట్టాడు. వచ్చేపోయేవాళ్ళు చూస్తూ పోయారు. ఉంగరం వాళ్ళ సంచిలోనే దొరికింది. వాళ్ళు వెళ్ళిపోయారు. ఆమెను లేవమని మాత్రం ఎవరూ చెప్పలేదు. చీకటి పడ్డాక ఆమే లేచింది. అప్పటి నుంచి ఏ ఇంట్లో పని చేసినా, పోయేటప్పుడు గడప దగ్గర తన సంచి తెరిచి చూపిస్తుంది. ఎవరూ అడగరు. సుందరవల్లి అమ్మ నవ్వుతుంది. "మూసెయ్యవే, నీ సద్దిగిన్నె చూసి నేనేం చేసుకునేది."

ముక్కలు సంచిలో దాచడానికి లేదు. ఆమె వాటిని పైట కొంగులో మూట కట్టి నడుము దగ్గర దోపుకుంది. ఒక మొన చర్మానికి గుచ్చుకుంది.

"ఏందే రత్నం అది, కోవెల వాసన వస్తా ఉంది?"

ముందు గదిలో కిటికీ పక్క కుర్చీలోంచి సుందరవల్లి అమ్మ గొంతు. మునిరత్నమ్మ వెళ్ళి తలుపు పక్కన నిలబడింది. చెప్పాలి. చెప్పకపోతే దొంగతనం అవుతుంది. చెబితే ఈ ముసలామె గుండె.

పగిలింది అనే మాట ఆమె నాలుక మీదికి రాలేదు. వాళ్ళ ఊళ్ళో చేతి గాజు చిట్లితే పగిలిందనరు, పెరిగింది అంటారు. తాళిదారం తెగినా అంతే. దీపం ఆరిపోతే కొండెక్కింది అంటారు. చెడ్డ మాట నోట్లోంచి వస్తే చెడు నిజంగానే వస్తుందని ఆమె తల్లి నేర్పింది. డబ్బా గురించి ఆ మాట ఎవరూ వాడరు. కానీ ఆ క్షణంలో ఆమెకు దొరికిన మెత్తని మాట అదొక్కటే.

"అమ్మా," అన్నది. "డబ్బాల్లో ఒగటి... పెరిగిందమ్మా."

సుందరవల్లి అమ్మ తల తిప్పింది. కళ్ళజోడు వెనక కళ్ళు పెద్దవయ్యాయి. మునిరత్నమ్మ గోడ పట్టుకుంది.

"పెరిగిందా?" అన్నది ఆమె. "కొత్తది వచ్చిందా? పార్సిల్ వచ్చిందా?"

మునిరత్నమ్మ నోరు తెరిచింది.

"నాకు తెలుసే. ఆ దొరసాని కూతురు మరిచిపోదని నాకు తెలుసు. మీ అయ్యగారు పోయినారని జాబు రాసినప్పుడు, నేనున్నంతవరకు పంపిస్తానని రాసిందే ఆ పిల్ల." ఆమె రెండు చేతులూ చెంపలకు ఆనించుకుంది. ఎండిన మొహం మీద ఎరుపు పాకింది. "ఏం ఆకారమే? చేపా? గుర్రమా? వద్దు వద్దు, చెప్పొద్దు. పెరుమాళ్ళ దగ్గర పెట్టు. సాయంత్రం వకుళ వచ్చినాక తెరిచి చూద్దాం."

"అమ్మా, అది కాదమ్మా..."

"నా కుట్టుపెట్టె తీసుకురాపో. ఉత్త పలక మీద పెడితే గీత పడుతుంది. కింద మెత్త వెయ్యాల."

అలమారులో ప్రతి డబ్బా కిందా చదరంగా కత్తిరించి కుట్టిన ఒక పట్టుగుడ్డ ఉంటుంది. అవన్నీ దేవనాథన్ పాత పట్టుపంచె నుంచి కత్తిరించినవి. ఆ పంచెలో ఇంకొక్క చెరగు మిగిలి ఉంది. మునిరత్నమ్మ కుట్టుపెట్టె తెచ్చి ఇచ్చింది. సూదిలో దారం కూడా ఆమే ఎక్కించింది. రెండుసార్లు తప్పింది. "నీ కళ్ళు నా కళ్ళ కన్నా ముసలివైపోయినాయి" అని సుందరవల్లి అమ్మ నవ్వింది. ఆమె అంతగా నవ్వడం మునిరత్నమ్మ ఎప్పుడూ చూడలేదు.

పెరట్లో అంట్లు తోముతుంటే పక్కింట్లో పనిచేసే స్టెల్లా పిట్టగోడ మీంచి తొంగిచూసింది.

"ఏంక్కా, దయ్యాన్ని సూసినట్టుండావు. ఆ సెంబును ఎంత సేపు తోముతావు, బొక్క పడేదాకానా?"

మునిరత్నమ్మ చుట్టూ చూసి, కొంగు ముడి చూపించి, జరిగింది చెప్పింది. స్టెల్లా కాసేపు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆపుకోలేక నవ్వింది.

"పెరిగిందన్నావా? నువ్వేమన్నా దానికి మాంగల్యం కట్టినావా యక్కా?"

"నవ్వొద్దు మే. నాకు కాళ్ళాడ్డం ల్యా."

"గమ్ము పెట్టి అతికిస్తే?"

"పొడి పొడి అయిపొయ్యింది."

"అయితే కష్టమే. మా ప్రభువు సచ్చినోళ్ళను లేపినాడు గానీ పింగాణీని యాడా అతికించినట్టు ల్యాదు." స్టెల్లా నవ్వు ఆపి, గోడ మీద గడ్డం ఆనించింది. "పోయి చెప్పెయ్‌ అక్కా. సాయంత్రం ఆ కూతురి ముందర ఏం తెచ్చి పెడతావు? రాయా? అప్పుడు ఆ ముసిలామెకు ఒగటి కాదు, రెండు పోయినట్టు. వచ్చిందీ పోయా, ఉండిందీ పోయా."

అది నిజం. ఉన్నదాన్ని పగలగొట్టడం ఒక తప్పు. లేనిదాన్ని ఇచ్చి మళ్ళీ లాక్కోవడం ఇంకో తప్పు. లాడ్జి ముందు కూర్చున్న రోజు కూడా ఆమె ఇంత భయపడలేదు. ఆ రోజు తనకు ఏమవుతుందోనని భయం. ఈ రోజు ఆ కుర్చీలో నవ్వుతూ కూర్చున్న మనిషికి ఏమవుతుందోనని.

మధ్యాహ్నం భోజనం సుందరవల్లి అమ్మ సగం తిని వదిలింది. ఆకలి లేదన్నది. మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళి కుట్టు చేతిలోకి తీసుకుంది. మునిరత్నమ్మ ఇల్లు రెండోసారి ఊడ్చింది, ఊడ్చిన చోటే ఊడ్చింది. మంచం కింద దొరికిన కర్పూరం పలుకుల్ని కాగితంలో పొట్లం కట్టింది. అలిపిరి వైపు పోయే బస్సుల మోత వచ్చినప్పుడల్లా వకుళ స్కూటరేమోనని ఉలిక్కిపడింది.

ఎండ కొండ వైపు వాలాక కాఫీ కలిపింది. ఇత్తడి గ్లాసు పట్టుకుని ముందు గదిలోకి వచ్చి, కుర్చీకి కొంచెం దూరంగా నిలబడింది. మొహం చూస్తే చెప్పలేనని తెలుసు. గచ్చు మీద కిటికీ ఊచల నీడలు చూస్తూ చెప్పింది.

"అమ్మా, పార్సిల్ ఏమీ రాల్యా. పెరిగిందంటే పగిలిందని. మా ఊర్లో అట్లంటారు. నిమ్మకాయ డబ్బా. నా చేతిలోనే జారిపొయ్యింది. దాచాలని కాదమ్మా. నీకు ఏమన్నా అయితాదేమోనని భయపడినాను. నన్ను పనిలోంచి తీసేసినా నేనేమీ అనుకోను. నువ్వు మాత్రం గుండె దిటవు చేసుకోమ్మా."

జవాబు రాలేదు. గ్లాసులో కాఫీ మీద మీగడ కట్టింది. ఆమె తల ఎత్తింది.

సుందరవల్లి అమ్మ తల కుర్చీ వెనక్కి ఆనింది. కళ్ళు మూసి ఉన్నాయి. కళ్ళజోడు ముక్కు కొసకు జారింది. నోరు ఏదో చెప్పబోయి మరిచిపోయినట్టు కొంచెం తెరిచి ఉంది. మునిరత్నమ్మ గ్లాసు నేల మీద పెట్టి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చేతిలో ఇంకా ఎండ వెచ్చదనం ఉంది. ఊపిరి మాత్రం లేదు.

తన మాట వినే పోయిందా. వినకముందే పోయిందా.

ఆమె కేక వెయ్యలేదు. పెరట్లోకి పరుగెత్తి పిట్టగోడ మీద చేత్తో కొట్టింది. స్టెల్లా వచ్చింది. స్టెల్లాయే వకుళకు ఫోను చేసింది, వీధి చివరి డాక్టరును పిలుచుకొచ్చింది. డాక్టరు చూసేంతసేపూ మునిరత్నమ్మ తలుపు వెనక నిలబడి తన రెండు చేతుల వైపు చూసుకుంటూ ఉంది. డబ్బానూ అమ్మనూ రెండింటినీ ఆ చేతులే పోగొట్టాయని ఆమెకు అనిపించింది.

వకుళ వచ్చింది. తల్లి పాదాల దగ్గర కూర్చుంది. డాక్టరు ఆమెతో మెల్లగా అన్నాడు. "నిద్రలోనే పోయినారమ్మా. గంట పైనే అయ్యుంటుంది. ఆమెకు ఏమీ తెలిసి ఉండదు."

గంట పైనే. మునిరత్నమ్మ ఆ మాటను మనసులో మళ్ళీ అనుకుంది. అంటే తను కాఫీ కలపకముందే. తలుపు పట్టుకుని, అప్పుడు ఏడ్చింది.

ఇంట్లోకి మనుషులు రాకముందే ఆమె కొంగు ముడి విప్పింది. ముక్కల్ని వకుళ ముందు చాచింది.

"నా చేతిలో పగిలిందమ్మా, పొద్దున."

వకుళ ముక్కల వైపు చూసింది. "అమ్మ చూసిందా?"

"ల్యాదమ్మా. ఒగటి పెరిగిందని అన్నాను. కొత్తది వచ్చిందనుకునింది. నువ్వొచ్చినాక తెరిచి చూద్దామనింది. సంతోషంగా ఉండిందమ్మా. నేనే... ఆ తర్వాత చెప్పబొయినాను. అప్పటికే..."

వకుళ ఆ ముక్కల మీద తన అరచెయ్యి మూసింది. మునిరత్నమ్మ వేళ్ళు కూడా ఆ పిడికిట్లోనే ఉండిపోయాయి.

"పెరిగిందనే అనుకోనీ రత్నమ్మా" అన్నది వకుళ.

సుందరవల్లి అమ్మను కిందికి దించి పడుకోబెట్టారు. వాకిట నిండా చెప్పులు, ఇంటి నిండా గుసగుసలు, ఎవరో చదవడం మొదలుపెట్టిన ఆళ్వార్ల ప్రబంధం. కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. దాని చేతి మీద చదరంగా కత్తిరించిన పట్టుగుడ్డ ముక్క, మూడు వైపులా అంచు మడిచి కుట్టినది, నాలుగో వైపు సగంలో గుచ్చి వదిలిన సూది, దాని కంతలో ఇంకా జానెడు దారం.