బండ మీద లేని చెప్పులు

నాకు మనుషుల మీద నమ్మకం తక్కువ. చెప్పుల దగ్గర అసలే లేదు. అందుకే కొండమీది గుహ ముందు కాపలా పెద్దాయన, "చెప్పులు ఈ బండ మీద వదలండమ్మా. మోకాళ్ల నొప్పి, లోపలికొచ్చి చూడలేను. బండ మీద చెప్పులున్నంతసేపూ తాళం వెయ్యను" అన్నప్పుడు బుద్ధిగా తలూపాను. పెద్దాయన అటు తిరగ్గానే మా ఆయన కొత్త బూట్లూ నా చెప్పులూ సంచిలో కుక్కేశాను.

"ఆయన చెప్పింది వినలేదా?" అన్నారు మా ఆయన.

"విన్నాను లెండి. ఇవి పోతే రేపు ఒట్టికాళ్లతో తిరుగుతారా?"

మా ఆయన బడిలో డ్రాయింగు మాస్టారు. ఇంట్లో నేను కూడా ఆయన్ని 'మాస్టారూ' అనే పిలుస్తాను. పెళ్లయిన ఇరవయ్యారేళ్లలో నాతో వాదించి ఒక్కసారీ నెగ్గలేదు. అందుకని వాదించడమే మానేశారు.

లోపల వరసగా రాతి స్తంభాలు, కొండలోనే తొలిచిన స్తూపం, దాని వెనక చీకటి గదిలో గోడ పొడవునా పడుకున్న బుద్ధుడు. బడిపిల్లల గుంపొకటి గోలగోలగా చూసి వెళ్లిపోయింది. మాస్టారు నేల మీద చతికిలబడి, బుద్ధుడి చెంప కింద ఉన్న చెయ్యి గీస్తున్నారు. మూసేవేళైందని బయట పెద్దాయన విజిల్ వేశాడు.

"ఒక్క నిమిషం. బొటనవేలు కుదరట్లేదు" అన్నారు.

ఆ బొటనవేలికి పది నిమిషాలు పట్టింది. అంతలో ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడైంది.

పరుగెత్తాను. కటకటాల తలుపుకి నా పిడికిలంత తాళం. పెద్దాయన అప్పుడే మోకాళ్లు పట్టుకుని ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగుతున్నాడు. "ఏమండోయ్! పెద్దాయనా! లోపల మేమున్నాం!" అని గొంతు చించుకున్నాను. వెనక్కి తిరగలేదు. టిక్కెట్లిచ్చేటప్పుడే తెలిసింది, చెవి దగ్గర అరిస్తే తప్ప ఆ మనిషికి వినపడదని. ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. తలుపు పక్కన బోర్డు మీద 'రేపు సెలవు' అని ఉంది.

వెనక నుంచి పిల్లికూతల్లాంటి చప్పుడు వినిపించింది. మాస్టారి ఊపిరి అది. అసలే ఉబ్బసం మనిషి, గబ్బిలాల కంపు పడలేదు. స్తంభం పట్టుకుని వంగిపోయారు, మెడ నరాలు తేలాయి.

"ఇన్‌హేలర్ ఏదండీ?"

"బండి... డిక్కీలో."

ఎల్లుండి దాకా ఎవరూ రారు. ఈ మనిషి గంటసేపైనా ఆగేలా లేరు. దేవుడా, చేజేతులా నేనే చంపుకుంటున్నాను, ఒక జత బూట్ల కోసం.

మాస్టారు నా సంచి వైపు వేలు చూపించారు. "బూట్లు..."

"ఇప్పుడు కూడా బూట్ల గోలేనా!" అని ఏడుస్తూనే కసిరాను.

ఆయన తల అడ్డంగా ఊపి, చేత్తో విసిరినట్టు చూపించారు.

కటకటాల్లోంచి భుజం దాకా చెయ్యి బయటపెట్టి ఒక బూటు విసిరాను. పొదల్లో పడింది. రెండోది మెట్ల మీద దొర్లుకుంటూ పెద్దాయనను దాటి ఆగింది. ఆయన ఆగాడు. బూటు తీసి అటూ ఇటూ చెట్లవైపు చూశాడు. కోతి పని అనుకున్నాడో ఏమో, దాన్ని మెట్టు పక్కన పెట్టి మళ్లీ దిగసాగాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. నా చెప్పొకటి విసిరాను, అందలేదు. ఇక మిగిలింది ఒక్కటే. వెనక ఊపిరి చప్పుడు సన్నబడుతోంది. ఉన్న బలమంతా పెట్టి విసిరాను.

అది వెళ్లి ఆయన వీపుకి తగిలింది.

పెద్దాయన చెప్పు చూశాడు, బూటు చూశాడు, తలెత్తి గుహ వైపు చూశాడు. అంతే, ఆ మోకాళ్ల నొప్పుల మనిషి పరుగెత్తుకుంటూ పైకొచ్చాడు. తాళంచెవి రెండుసార్లు తప్పి మూడోసారికి కన్నంలో దూరింది. తలుపు తెరవగానే నేను ఒట్టికాళ్లతో నూట నలభై మెట్లు దిగి, కింద ఆపిన బండి డిక్కీలోంచి ఇన్‌హేలర్ తీసుకుని, మళ్లీ ఎక్కాను. ఎలా ఎక్కానో నాకే తెలియదు.

మాస్టారి తల పెద్దాయన ఒళ్లో ఉంది, పెదాలు నీలంగా ఉన్నాయి. మందు రెండుసార్లు పీల్పించాను. కాసేపటికి ఛాతీ నిండుగా లేచి దిగింది. నేను కూలబడిపోయాను.

పెద్దాయన కళ్లు తుడుచుకుంటున్నాడు. "ముప్ఫయ్యేళ్లలో ఒక్కర్ని కూడా లోపల పెట్టి తాళం వెయ్యలేదమ్మా. బండ మీద చూశాను. ఒట్టు, రెండుసార్లు చూశాను. చెప్పుల్లేవు."

మాస్టారు మెల్లగా లేచి, ఆయన చెవి దగ్గరికి వంగారు. అప్పుడే తిరిగొచ్చిన ఊపిరంతా కూడదీసుకుని అరిచారు.

"మీ తప్పు కాదు. బూట్లు నేనే దాచాను."

ఆ అరుపుకి మాస్టారికి దగ్గొచ్చింది. నాకు ఏడుపు ఆగలేదు. పెద్దాయన రెండో చెవి దగ్గరికి వెళ్లి, కొండంతా వినపడేలా అరిచాను.

"అబద్ధం! దాచింది నేను!"