కింది చుక్క

మేనేజరు రెండో దెబ్బకు ఆమె కళ్ళద్దాలు ఎగిరి సింకులో పడ్డాయి.

"చెప్పిన పని చెయ్యడానికి నీకేం రోగం? ఆ కింది చుక్క తీసెయ్యమన్నానా లేదా?"

ఈ మందుల కంపెనీ ల్యాబులో ఆమెది పదకొండేళ్ళ సర్వీసు. పిల్లల దగ్గు మందులో విషం కలిసిందేమో చూడటం ఆమె పని. అందుకు ముందుగా ఆ విషాన్నే తెలిసిన కొలతల్లో ఆరు సీసాల్లో కలిపి, పలచని దాని నుంచి చిక్కని దాని దాకా మిషనుకు ఎక్కించాలి. సీసాకొక చుక్క చొప్పున కాగితం మీద పడుతుంది. ఆరూ ఒకే గీత మీద కూర్చోవాలి. చుక్క కాస్త పక్కకు జరిగితే చిందులు తొక్కే ఈ మేనేజరుకు వర్కర్లు గీతల సారని పేరు పెట్టారు.

ఇవాళ ఐదు చుక్కలు బుద్ధిగా కూర్చున్నాయి. అన్నిటికంటే పలచని సీసాది, కింది చుక్క, గీతకు ఎడంగా పడింది. దాన్ని తీసేస్తే గీత చక్కనవుతుంది, రెండో చుక్క కంటే తక్కువ విషం మిషనుకు ఆనదని రాసుకోవచ్చు. ఈ సరుకులో విషం సరిగ్గా ఆ రెండు చుక్కల మధ్య ఉంది. అప్పుడు రిపోర్టులో 'కనబడలేదు' అని వస్తుంది. వేలెత్తి చూపడానికి అందులో ఒక్క ముక్క ఉండదు. చదువుకున్నవాళ్ళు చేసే హత్యలు ఇంత శుభ్రంగా ఉంటాయి.

పోయిన నెల సరుకప్పుడు కింది చుక్కను ఆమే తీసేసింది. ఎవరూ అడగలేదు కూడా. గీత వంకరగా ఉంటే తిట్లు తినాలని, తనంతట తానే తీసేసింది. ఆ మందు తాగిన పదకొండు మంది పిల్లలు ఇప్పుడు ఆస్పత్రిలో మూత్రం ఆగిపోయి ఒళ్ళంతా ఉబ్బి పడి ఉన్నారు. నిన్న ఇంట్లో ఆ సంగతి మొగుడికి చెప్పి వెక్కి వెక్కి ఏడ్చింది. అతను ఇక్కడే లోడింగు మేస్త్రీ. ఇవాళ పొద్దున లారీకి ఒక్క పెట్టె కూడా ఎక్కించనివ్వలేదు.

తలుపు తన్ని ఇద్దరు సెక్యూరిటీవాళ్ళు అతన్ని ఈడ్చుకొచ్చారు. పై పెదవి చీలి పళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. మేనేజరు అతని కుడిచేతిని బల్ల మీద పెట్టించి, గ్యాసు సిలిండరు బిగించే ఇనుప పానా అందుకున్నాడు.

"నీ సంతకం లేనిదే లారీ గేటు దాటదు. పెట్టు. లేకపోతే రేపట్నించి మీ ఆయనకు నువ్వే ముద్దలు కలిపి పెట్టాలి."

ఆమె నోరు తెరిచేలోపే పానా దిగింది. రెండు వేళ్ళు చితికాయి. అతని కేక విని పక్కగదిలో మాటలు ఆగిపోయాయి. ఎవరూ ఇటు రాలేదు.

"పెట్టెయ్యవే! నీకు దణ్ణం పెడతాను, పెట్టెయ్!" అన్నాడు మొగుడు. పొద్దున లారీకి అడ్డం నిలబడ్డ మనిషే. ఆమెకు అతని మీద కోపం రాలేదు, గుండె తరుక్కుపోయింది.

ఆమె పెన్ను తీసుకుంది. మేనేజరు గొంతు తగ్గించాడు.

"చూడమ్మా, చుక్క గీత మీద లేదు. అంటే విషం ఎంతుందో నువ్వే కచ్చితంగా చెప్పలేవు. మరెందుకీ గోలంతా?"

"అవును సార్. ఎంతుందో చెప్పలేను," అందామె. "ఉందని మాత్రం చెప్పగలను."

రిపోర్టులో 'ఉంది' అని రాసింది.

పానా మళ్ళీ పైకి లేచింది. ఆమె ఎడమచేతిని మొగుడి చేతి మీద కప్పి, కుడిచేత్తో సంతకం మొదలుపెట్టింది.