జారని టైరు

అక్కా తమ్ముడూ టైర్ల షాపుకు బండిని తోసుకుంటూ పోతుంటే దారి పొడుగునా అందరిదీ ఒకటే ప్రశ్న. "పంక్చరా?" అని అడిగినవాళ్లందరికీ తమ్ముడు "ఆఁ, పంక్చరే" అని చెప్పుకుంటూ వచ్చాడు. నిజానికి రెండు చక్రాల్లోనూ గాలి నిక్షేపంలా ఉంది. లేనిదల్లా వాడి ఒంట్లో ధైర్యమే. నవ్వాలనుకునేవాళ్లు ఒక్కసారి బండి మీదనుంచి పడి రండి, అప్పుడు మాట్లాడుకుందాం.

వాడు వాటర్ ఫిల్టర్లు బాగుచేసే మెకానిక్కు. సామాన్ల సంచీ తగిలించుకుని రోజంతా ఇంటింటికీ బండి మీద తిరిగినవాడే. పోయిన నెల అక్కను వెనక ఎక్కించుకుని ఆస్పత్రి మలుపు తిరుగుతుంటే వెనక చక్రం జర్రున జారింది. ఏ నీళ్ల ట్యాంకరో కారి అక్కడ రోడ్డంతా తడిగా ఉంది. వాడికి మోకాలు దోక్కుపోయింది, అక్కకు కుడి మణికట్టు విరిగింది. అక్క బట్టలు కుట్టి బతికే మనిషి. కట్టు మొన్ననే విప్పారు గానీ, కత్తెర పట్టుకుంటే వేళ్లు ఇంకా మాట వినడం లేదు.

ఆ రోజునుంచి వాడు బస్సుల్లోనే తిరుగుతున్నాడు. "టైర్లు అరిగిపోయాయి, మార్పించాక తీస్తాను" అని ఇంట్లో చెప్పాడు, ఆఫీసులో చెప్పాడు, పడుకునే ముందు తనకు తానూ చెప్పుకున్నాడు. బస్సు దిగి ఇల్లు వెతుక్కుంటూ పోయేసరికి సగం పనులు మిగిలిపోతున్నాయి. నిన్న మేనేజరు మొహం మీదే అనేశాడు: "ఇక బండి మీద వస్తేనే రా. లేకపోతే ఇంకొకణ్ణి చూసుకుంటాం." ఆ మాట అక్క చెవిన పడింది. పొద్దున్నే చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి "పదరా, టైర్లు మార్పిద్దాం" అంది. ఇద్దరిలో ఒక్కరికైనా గుండె గట్టిగా ఉంది, అదే చాలనుకున్నాడు వాడు.

షాపులో అడుగుపెడితే రబ్బరు వాసన గుప్పుమంది. కప్పునుంచి టైర్లు వేలాడుతున్నాయి. షాపాయన బండికి స్టాండు వేసి, వెనక చక్రం తిప్పి, గాడిలో గోరు పెట్టి చూశాడు.

"ఇవెందుకమ్మా మార్చడం? ఇదిగో, ఈ గాడి అడుగున బుడిపె ఉంది చూడండి. రబ్బరు దీనిదాకా అరిగితే మార్చాలి. ఇంకా బోలెడుంది, ఏడాది శుభ్రంగా తిరగొచ్చు."

తమ్ముడు వంగి ఆ బుడిపెను చూశాడు. "మరి ఆస్పత్రి మలుపులో తడికి జారిందిగదండీ!"

"తడి మలుపులో బ్రేకు గట్టిగా తొక్కి ఉంటావు. అలా తొక్కితే ఏదైనా జారుద్ది."

తొక్కాడు. కాలికి గుర్తుంది ఆ తొక్కుడు. ఇన్నాళ్లూ నోరులేని ఆ టైరును తిట్టుకుంటూ ఎలాగో రోజులు నెట్టుకొచ్చాడు. తప్పు దానిది కాకపోతే, కొత్త టైర్లు వేయించి మాత్రం ఏం లాభం? నడిపేది పాత మనిషే కదా! అక్క మొహంలోకి చూడ్డానికి భయపడ్డాడు.

అక్క మాత్రం పైన వేలాడే టైర్లనే చూస్తూ, "అవన్నీ మాకెందుకండీ, మార్చేయండి. రెండూ మార్చేయండి" అంది, గొంతు పెంచి మరీ.

షాపాయన కళ్లెగరేసి రెండు రకాలు తెచ్చి ముందు పడేశాడు. ఒకటి గట్టి రబ్బరు. ఏళ్లతరబడి అరగదు గానీ తడిలో పట్టు తక్కువ. రెండోది మెత్తది. తొందరగా అరుగుతుంది గానీ రోడ్డును వదలదు. తమ్ముడు ఒకదాన్ని పట్టుకుని ఇది మరీ వెడల్పన్నాడు, ఇంకోదానికి గాళ్లు చాలవన్నాడు. మా బండి సైజు అసలు ఇదేనా అని రెండుసార్లు అడిగాడు. సైజు దొరక్కపోతే బాగుండునని లోపల ఆశ. పాడు సైజు, చక్కగా సరిపోయింది.

"వీటిలో అస్సలు జారనిది ఏదండీ?"

"జారని టైరు కావాలంటే బండిని ఇంట్లో పెట్టి తాళం వేసుకో బాబూ!" అని షాపాయన పకపకా నవ్వాడు. చిన్న జోకుకే పొట్ట పట్టుకునే అక్క ఈసారి నవ్వలేదు.

"మెత్తదే వేయండి. అది అరిగితే అరగనీ, మనుషులం మిగిలితే చాలు" అంది.

టైర్లు ఎక్కాయి, గాలి నిండింది. చేతులు తుడుచుకుంటూ షాపాయన ఇంకో ముక్క చెప్పాడు. "కొత్త రబ్బరు నున్నగా ఉంటది. నాలుగు రోజులు మెల్లగా పోండి, మలుపుల్లో బండి వంచకండి. కొత్తల్లోనే ఎక్కువ జారుద్ది."

ఓరి నాయనో! ఆ మాట ముందే చెప్పి చావొచ్చు కదా! బయట తుంపర కూడా మొదలైంది. ఇంటికి పోవాలంటే ఉన్నది ఒకటే దారి, ఆస్పత్రి మలుపు.

"నువ్వు బస్సులో రా అక్కా. నేను వెనకాలే వచ్చేస్తా."

"వచ్చేస్తావు! మలుపు దగ్గర దిగి మళ్లీ తోసుకుంటూ వస్తావు. నాకు తెలీదూ? ఎక్కు."

వాడు ఎక్కి కూర్చున్నాడు. అక్క వెనక ఎక్కి, విరిగి అతికిన చేతిని వాడి భుజం మీద వేసింది. ఆ చెయ్యి గడగడా వణుకుతోంది. వాడు ఉలిక్కిపడ్డాడు.

"అక్కా, వణుకుతున్నావా?"

"నేనెందుకు వణుకుతానురా? బండి వణుకుతోంది."

తాళంచెవి ఇంకా వాడి జేబులోనే ఉంది. పొద్దుటినుంచీ ఆ బింకమంతా తన కోసమేనని అప్పటికిగానీ వాడికి తెలియలేదు.

"అవునక్కా, బండే" అని తాళంచెవి తీసి పెట్టి స్టార్ట్ చేశాడు.

ఎంత మెల్లగా పోయారంటే, సైకిలు మీద ముసలాయన ఒకడు బెల్లు కొట్టి మరీ దాటిపోయాడు. మలుపు వచ్చింది. రోడ్డు తళతళా మెరుస్తోంది. అక్క గోళ్లు వాడి భుజంలో దిగబడ్డాయి. వాడి పాదం బ్రేకు మీదికి పోబోయింది. దాన్ని బలవంతాన ఆపుకున్నాడు. ఊపిరి బిగబట్టి, బండిని వంచకుండా, అంగుళం అంగుళం తిప్పాడు.

మలుపు వెనకపడింది.

"ఇప్పుడెలా ఉందిరా బండి?" అంది అక్క.

"ఇంకా వణుకుతూనే ఉందక్కా."

"పోనీలే, నడుస్తోందిగా."