ఖాళీలో పట్టిన మాట

ఆండ్రోస్ దీవిలో చర్చి గడప లేపితే అడుగున రాతలు కనబడ్డాయని ఫోను రాగానే పొలిక్సేని తొలి పడవెక్కి వచ్చేసింది. పాత గ్రీకు శాసనాలు చదవడంలో తల పండిన మనిషి. ఆమెకి పేరు తెచ్చింది ఒక విరిగిన రాయి. ఫలానావాడి కొడుకు ఎవరికోసమో నిలబెట్టినది. ఆ ఎవరికోసమో చెప్పే చోటే విరిగిపోయింది. ఆ కాలపు శిల్పులు అక్షరాల్ని నాట్లేసిన మడిలా వరస తప్పకుండా చెక్కేవారు గనక, పోయినవెన్నో తెలిసిపోతుంది. ఆ ఖాళీలో ఆమె 'సేనాపతికి' అని పూరించింది. అతికినట్టు సరిపోయింది. దాన్ని నమ్మి కుర్ర పండితులు ఆ సేనాపతి చేత జరగని యుద్ధాలు కూడా చేయించారు.

ఇప్పుడు దొరికింది ఆ రాతి రెండో సగం, బోర్లా వేసిన ఈ గడపరాయే.

"సాయంత్రం ప్రార్థనకి గడప మళ్లీ పెట్టెయ్యాలమ్మా," అన్నాడు ఫాదర్ స్తమాతిస్. "రేపు మరియమ్మ పండగ. ముసలాళ్లు గోతిలో పడితే తిట్లు నాకు."

"ఇన్ని వందలేళ్లు తొక్కారు కదండీ, ఒక్క పూట నాకివ్వలేరూ?"

"ఇస్తాలే. నువ్వు పూరించిన మాట తప్పని తేలితేనో?"

"నా పుస్తకాలు మీ పొయ్యిలోకి."

"మా ఆవిడ అప్పుడే సంచి వెతుకుతోంది!" అన్నాడు. గ్రీకు ఫాదర్లు సంసారులే.

నవ్వి పని మొదలెట్టింది. రాయి కడిగి, తడి కాగితం పరిచి, కుచ్చు బ్రష్షుతో బాదింది. కాగితం ప్రతి గుంటలోకీ దిగింది. ఎండలో ఆరాక మెల్లగా ఒలిచి, వెనక్కి తిప్పి, వేళ్లతో తడిమింది. ఒక్కో అక్షరం ఉబ్బుగా వేలికి తగిలింది.

సేనాపతి కాదు. ఖాళీ అంతే, అక్షరాలూ అన్నే, మాట వేరు.

"ఏమైందమ్మా? పొయ్యి రాజెయ్యమంటావా?"

"రాజెయ్యండి ఫాదర్. దాదికట. 'నాకు పాలిచ్చిన దాది మానియాకి.' బానిస పిల్లలకి పెట్టే పేరది. రాజులవే నిలవలేదు, ఈ పేరు చూడండి!"

పొలిక్సేని రాతి పక్కన మోకరిల్లింది. రెండువేల ఏళ్ల పైచిలుకు ఎవరి నోటా పలకని పేరు. మరొక్కసారి పైకి పలికింది.

"క్షమించు తల్లీ," అంది. "ఇన్నాళ్లూ నీ చేతికి కత్తిచ్చాను."

ఫాదర్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. గడప పెట్టడానికొచ్చిన మేస్త్రీ వైపు తిరిగి, "సిమెంటు కలపకురా," అన్నాడు. "గడపకి చెక్క కొట్టు. ఈ తల్లిని ఇంక తొక్కేదెవరు?"