మైనస్‌తో భాగిస్తే

కూతుర్ని అక్క దగ్గర వదిలి, ఆమె దూరపు ఊళ్ళో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపనికి చేరేనాటికి పిల్లకు పాలపళ్ళు ఊడుతున్నాయి. ఇప్పుడు ఎనిమిదో తరగతి. సాయంత్రం మిషను ఆపగానే, చెవుల్లో ఇంకా రొద ఉండగానే ఆమె ఫోన్ చేసేది.

"తిన్నావా?"

"ఊ."

"బడికెళ్ళావా?"

"ఊ. ఉండు, పెద్దమ్మకిస్తా."

అక్క కబుర్లు చెబుతుంటే, వెనకాల పిల్ల గొంతు వినిపిస్తుందేమోనని చెవి ఒగ్గేది.

ఒకరోజు అక్క విసుక్కుంది. "లెక్కలు రావట్లేదని పుస్తకం విసిరికొట్టిందే. లెక్కల్లోకి అక్షరాలెందుకొచ్చాయో నాకు ఇప్పటికీ తెలీదు. నీ కూతురు, నువ్వే చూసుకో."

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. బడిలో ఆమెకు వచ్చిన లెక్కలు ఇవే. ఫోన్ పిల్లకిమ్మంది.

"ఐదు ఎక్స్ మైనస్ మూడు, ఈక్వల్ టు పదిహేడు," అంది పిల్ల ముభావంగా.

"మూడుని అటు పంపు. ఈక్వల్ టు దాటితే ప్లస్ అయిపోతుంది."

"అయితే ఐదు ఎక్స్ ఇరవై. ఎక్స్ నాలుగు." పిల్ల గొంతు తేలికపడింది. "మరి ఇది? మైనస్ రెండు ఎక్స్, ఎనిమిది కంటే చిన్నదట."

"అదీ అంతే. మైనస్ రెండుతో భాగించు. ఎక్స్, మైనస్ నాలుగు కంటే చిన్నది."

మర్నాడు సాయంత్రం ఆమె చేయకముందే ఫోన్ మోగింది. కూతురు తనంతట తాను చేయడం అదే మొదలు. ఏమైందోనని ఆమె కంగారుగా ఎత్తింది.

"నువ్వు చెప్పింది తప్పమ్మా. టీచర్ కొట్టేసింది. ఎక్స్ ఐదనుకో. మైనస్ రెండు ఐదులు మైనస్ పది, ఎనిమిది కంటే చిన్నదే. మరి ఐదు, మైనస్ నాలుగు కంటే చిన్నదా?"

"కాదు."

"మైనస్‌తో భాగిస్తే గుర్తు తిప్పేయాలి. ఎక్స్, మైనస్ నాలుగు కంటే పెద్దది. బుర్రకెక్కిందా?"

ఆ కసురు అచ్చం అక్కదే. ఆ మాట తీరు తన పెంపకంలో వచ్చింది కాదు. లెక్క అర్థమైందని చెబితే పిల్ల ఫోన్ పెట్టేస్తుందని ఆమెకు భయం.

"ఎక్కలేదమ్మా. ఇంకోసారి చెప్పు."

పిల్ల ఓపిగ్గా మళ్ళీ చెప్పింది. ఆమె మళ్ళీ ఎక్కలేదంది.

"ఫోన్‌లో ఎంతని చెప్పను? ఎదురుగా కూర్చుంటే తెలుస్తుంది. ఎప్పుడొస్తావ్?"

"సెలవడుగుతా."

"ఎప్పుడూ అదే అంటావ్."

ఫోన్ పెట్టేసి ఆమె నేరుగా సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళింది.

"ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?" అన్నాడాయన.

"అందరూ బాగున్నారు సార్. మా అమ్మాయి రమ్మంది."

ఆయన తల గోక్కున్నాడు. "శనివారం ఆర్డరు వెళ్ళిపోనీ. ఆ రాత్రి బస్సెక్కేయ్."

మర్నాడు మిషను ముందు కూర్చుంటే సూదిలోకి దారం ఎక్కనే లేదు. పక్క మిషనావిడ ఆమె ముఖం చూసి, ఏమీ అడక్కుండా దారం ఎక్కించి ఇచ్చింది.