పదిహేడో మంచం

మధ్యాహ్నం పన్నెండులోగా ముప్పై మందికి స్నానాలు ముగియాలి. శశికళ పదిహేడో మంచం ముసలామెను పీట మీద కూర్చోబెట్టి, ఆశ్రమంలో చేరగానే గుండు చేసిన తల మీద గోరువెచ్చని నీళ్లు పోసింది.

"కళ్లు మూసుకో అజ్జీ," అంది, పక్కవాళ్లకు వినపడేలా.

"సరే ఆయమ్మా," అంది నంజమ్మ. తర్వాత నీళ్ల చప్పుడు చాటున, "చేతులు పగిలినాయి కదే నీకు. కొబ్బరినూనె పూసుకో," అంది.

మూడు నెలలుగా తల్లీకూతుళ్లు మాట్లాడుకునేది ఆ చప్పుడులోనే. హూడి దగ్గరి ఈ ఉచిత ఆశ్రమంలో నా అనేవాళ్లు లేనివాళ్లకే మంచం. ఎవరైనా ఉన్నారని తేలితే మర్నాడే పంపేస్తారు. ఇక్కడ ఆయాగా పనిచేసే శశికళ తల్లిని తనే బస్టాపులో కూర్చోబెట్టింది. దిక్కులేని ముసలామె ఎవరో ఉందని వేరే ఫోన్ నుంచి ఆశ్రమానికి తనే చెప్పింది. ఆశ్రమం వ్యానులో వెళ్లి, ఎన్నడూ చూడనట్టు "నీ పేరేమజ్జీ?" అని తనే అడిగింది.

ఇంకేం చేస్తుంది? చిక్కపేట కొట్లో చీరలు మడతపెట్టి కూతుర్ని పెంచిన మనిషి, మోకాళ్లు అరిగాక అల్లుడింటికి వచ్చింది. ఎనిమిది నెలలు వంటింటి గడప దగ్గర పడుకుంది. అతని కంచం కడిగింది, చొక్కాలు ఉతికింది. "ఇది ఇల్లా, సత్రమా? ఆమన్నా ఉండాల, నేనన్నా ఉండాల," అన్నాడు హేమంత్‌కుమార్. మంచం పట్టిన అతని తండ్రికి రోజూ ఒళ్లు తుడిచేది మాత్రం శశికళే. అది సత్రం లెక్కలోకి రాదు, కోడలి ధర్మం. అత్త ఎక్కడికి పోయిందని అతను ఇంతవరకూ అడగలేదు.

ఈ రోజు అన్నదానం అతనిదే. పుట్టినరోజు. ఆ మాట తెలిసినప్పటి నుంచి శశికళకు ముద్ద దిగలేదు. అతను అత్తను చూస్తాడు, నలుగురిలో అరుస్తాడు, సాయంత్రానికి అమ్మ రోడ్డు మీద ఉంటుంది.

"పదిహేడో అజ్జికి జ్వరం సార్, పడుకోనీండి," అని మేనేజరు మునినారాయణప్పను బతిమాలింది.

"అందరూ హాల్లో ఉండాలమ్మా. పెట్టేవాళ్లు చూడాల కదా."

హేమంత్‌కుమార్ వైట్‌ఫీల్డ్ ఆఫీసువాళ్లను పదిమందిని వెంటేసుకొచ్చాడు. "మా వైఫ్ ఇక్కడ ఫ్రీగా సర్వీస్ చేస్తుంది," అని చెప్పాడు వాళ్లకు. నెలనెలా ఆమె జీతం తీసుకునేది అతనే. ఫోన్ ఆమె చేతిలో పెట్టి, "నా మొహం కట్ కానీకు," అన్నాడు.

బొబ్బట్లలాంటి ఓళిగల పళ్లెంతో వరుసగా వస్తున్నాడు. పదిహేను. పదహారు. ఫోన్ తెరలో అమ్మ గుండు, అతని నవ్వు పక్కపక్కన చేరాయి. మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆమె భుజం మీద చెయ్యేసి, ఓళిగ తుంచి నోట్లో పెట్టి, కళ్లలోకి చూశాడు.

"నీకెవరూ లేరా అజ్జీ?"

నంజమ్మ నిదానంగా నమిలి మింగింది. "లేరప్పా. నీ పెండ్లాం చల్లంగుండల్ల."

"ఫోటో వచ్చిందా?" అంటూ అతను పద్దెనిమిదో మంచం ఆమె దగ్గరికి జరిగాడు.

గుర్తుపట్టలేదు. హమ్మయ్య అనుకోవలసిన క్షణమది. శశికళ మాత్రం ఫోన్ దించి అమ్మ గుండు వైపే చూసింది. జుట్టు తీసేస్తే ఎనిమిది నెలలు తన ఇంట్లో ఉన్న మనిషి అతనికి మాయమైపోయింది. అంటే ఆ ఎనిమిది నెలల్లో ఒక్కసారైనా ఆమె మొహం చూడలేదు. పన్నెండేళ్లుగా తన మొహమైనా చూశాడా? రేపు తనూ గుండుతో ఈ వరుసలో కూర్చుంటే, తన నోట్లోనూ ఓళిగ పెట్టి ఇదే మాట అడుగుతాడు.

విస్తళ్లు ఎత్తి, చేతులు కడుక్కుని, శశికళ ఆఫీసు గదిలోకి వెళ్లింది.

"సార్, ఇక్కడే ఉండే ఆయా కావాలన్నారు కదా, వెనక గది ఇచ్చి. నేనుంటాను."

మునినారాయణప్ప రాస్తున్నది ఆపలేదు. "రెండు నెలల నుంచి అడగతా ఉండా. మీ ఆయన ఒప్పుకున్నాడా?"

"ఆయన వాళ్ల నాయన్ను చూసుకోవాల సార్. రాలేడు. ఆ గదిలో ఇద్దరుంటాం. పదిహేడో మంచం ఇంకెవరికైనా ఇవ్వండి."

అప్పుడు తలెత్తాడాయన. "ఏం, ఆ అజ్జికేమైంది?"

"ఆమెకు కూతురుండాది సార్."