తువ్వాలు ఊపిన మనిషి

నేను ఒక సినిమా రీలును. నలుపూ తెలుపూ, పదకొండు నిమిషాల నిడివి, కథానాయకుడు సముద్రం. నన్ను తీసినాయన పట్నం నుంచి ముక్కాం అనే జాలర్ల ఊరి ఒడ్డుకు వచ్చి, మూడు రోజులు ఇసుకలో బోర్లా పడుకుని అలల్ని పట్టుకున్నాడు. తర్వాత ఫ్యాను కింద కూర్చుని వ్యాఖ్యానం రాశాడు. అబ్బో, ఏం వ్యాఖ్యానమండీ! అల వస్తే ‘అనంతం నిట్టూర్చింది’, పీత పరిగెడితే ‘కాలం పరుగు’. పీతకు తెలిస్తే నవ్వి చచ్చేది.

కాలేజీలన్నీ తిరిగాను. నన్ను చూస్తూ కుర్రాళ్లు హాయిగా నిద్రపోయారు. ఆ తర్వాత నలభై ఏళ్లు బీరువాలో పడున్నాను. ఒంటికి పుల్లటి వాసన పట్టింది, ముట్టుకుంటే విరిగేలా తయారయ్యాను.

ప్రొజెక్టరు ఆపరేటరు సదాశివం గారు నన్ను మళ్లీ ముక్కాం బడికి తెచ్చింది పైడమ్మ కోసం. ఆమె తల్లి కడుపులో ఉండగానే తండ్రి ఎర్రయ్య సంద్రంలో పోయాడు. ఫొటో ఒక్కటీ లేదు. ఆయన నాలో ఉన్నాడని, నన్ను తీసిన రోజు ఆయనతో కలిసి వల లాగిన దానయ్య చెప్పాడు. యాభై దాటిన పైడమ్మ, కిటికీలు మూసిన గదిలో అందరికంటే ముందు చాప మీద కూర్చుంది.

“ఒక్కసారే ఆడుతుందమ్మా. అది కూడా నమ్మకం లేదు” అన్నారు సదాశివం గారు.

“ఒక్కసారి సాలు బాబూ. నాకు అదీ లేదు గదా.”

అంత మాట విన్నాక కూడా ఏడో నిమిషంలో పుటుక్కున తెగాను. నా సిగ్గు ఏమని చెప్పను! సదాశివం గారు తెగిన కొసలు కలిపి అతికించారు.

అప్పుడు వచ్చాడు ఎర్రయ్య. ఒడ్డున నిలబడి, తువ్వాలు ఊపుతూ, నోరంతా తెరిచి, సూటిగా మనవైపే చూస్తున్నాడు. ‘సాగరమాతకు ఒక బడుగుజీవి మౌన వీడ్కోలు’ అంది వ్యాఖ్యానం.

దానయ్య పగలబడి నవ్వాడు. “ఈడ్కోలేటి, నీ మొకం! పెద్దవల లాగినప్పుడు తువ్వాలు అలగ పక్కకి ఇసిరితే, తాడుకి అడ్డు తప్పుకోమని. ఆ ఫొటోల బాబుని తిడతన్నాడు!”

గదంతా గొల్లుమంది. ఇన్నేళ్లూ వీడ్కోలే అనుకున్న నాకూ నవ్వొచ్చింది. పైడమ్మ మాత్రం లేచి, రెండడుగులు పక్కకు జరిగి నిలబడింది.

“ఏటే పైడీ, లేసిపోనావు?” అన్నాడు దానయ్య.

“మా అయ్య తప్పుకోమన్నాడు గదేటి” అంది, కళ్లు తుడుచుకోకుండా, నవ్వుతూ.

నేనింక ఆడను. పైడమ్మ ఇంట్లో గూట్లో ఉంటున్నాను. అప్పుడప్పుడూ డబ్బా మూత తీసి, వాసనకు ముక్కు చిట్లించి, “అయ్యా” అని పలకరిస్తుంది. చుట్టూ ఎవరైనా మూగితే ఊరుకోదు.

“అడ్డు తప్పుకోండి. మా అయ్యకి గాలి తగలనీండి.”